పిల్లని లేపెయ్

పెద్ద వరదకు వంతెన కొట్టుకుపోయిన తర్వాత నాలుగో సంవత్సరం అది. ఆ వరదలో మా వీధిలోకి నడుంలోతు నీళ్ళొచ్చాయి. తీసినప్పుడు ప్రతి గోడమీదా ఒక మట్టిగీత వదిలి వెళ్ళాయి. జనం సున్నాలు కొట్టి ఆ గీతను చెరిపేసుకున్నారు. హాలు పిన్ని చెరపలేదు. దాని మీదే ఎర్రరంగు గీయించి, పైన పెద్ద అక్షరాలతో ‘గీత కింద ఏదీ పెట్టొద్దు’ అని రాయించింది. కరెంటు బోర్డులన్నీ గీతకు పైకి మార్పించింది. కింద మిగిలిన పాత సాకెట్లకు వైర్లు కోయించింది. జరిగిందంతా గీత కిందే జరిగింది కాబట్టి ముందు ఇది చెప్పాలి.

హాలు పిన్ని అని కుర్రకారు పెట్టుకున్న పేరు. మూడంతస్తుల భవనంలో కింది హాలును అద్దెకు తీసుకుని, ఆదివారం సాయంత్రాలు పాటల బ్యాండ్లకు ఇచ్చేది. సొంతంగా పాటలు కట్టుకుని, సొంతంగా వాయించుకునే పిల్లలు. పెద్ద సభలు వాళ్ళను పిలవవు. పిన్ని పిలిచేది. నేను అదే భవనం పై అంతస్తులో ఒక గదిలో ఉండేవాణ్ణి. పోయినవి వెతికిపెట్టడం, దాచినవి బయటపెట్టడం నా పని. నోరు పెద్దగా విప్పనని నన్ను ముక్తసరి తాత అనేవాళ్ళు.

శుక్రవారం నాడు పిన్ని మెట్లెక్కి వచ్చి ఆయాసపడుతూ కూర్చుంది.

“బాబాయ్, మా గోడలకి చెవులొచ్చాయి.”

“ఎవరివి?”

“అదే చూడమంటున్నా. హాల్లో అనుకున్న ప్రతి మాటా ఇంటాయనకి తెలిసిపోతోంది. మొన్న మేం నలుగురం కూర్చుని, ఈసారి ఇంకొంచెంసేపు వాయించుకుందాం అనుకున్నాం. తెల్లారేసరికి మనిషిని పంపాడు, వాయిస్తే ఖాళీ చేయిస్తానని. మా నలుగురిలో ఒకళ్ళు చెప్పారంటే నేను నమ్మలేను బాబాయ్. నమ్మాల్సొస్తే హాలుకి తాళం వేసేస్తా.”

“ఆదివారం కుర్చీ వెయ్యి” అన్నాను.

వేసింది. సౌండు బల్లకు రెండు మూరల దూరంలో, గోడవారన. ఆ బల్ల దగ్గర కూర్చునే అమ్మాయిని అందరూ అక్క అంటారు. పెద్ద వయసేం కాదు. కానీ ఆ హాల్లో ఎవరి గొంతు ఎంత వినపడాలో నిర్ణయించేది ఆమే. బల్లమీద బోలెడు మీటలున్నాయి. పొయ్యి మీద పాలు పొంగుతాయేమోనని చూసే మనిషిలా వాటి మీద వేళ్ళు ఆనించి ఉంచింది. ఒకసారైనా తొందరగా కదపలేదు. నేను ఆమె పనిచూస్తూ పాట వినడం మర్చిపోయాను. తర్వాత తెలిసింది, పాట అంత బాగా వినపడటానికి కారణం ఆ వేళ్ళేనని.

మొదట ‘ఎదురింటి పిల్లి’ అనే బ్యాండు. అందులో బేస్ గిటారు వాయించే గడ్డపు మనిషిని పొడుగు అంటారు. పైకప్పు తగులుతుందేమోనని వంగి వాయించాడు. ఈ చప్పుడు నాకేం ఎక్కుతుందిలే అనుకుంటూ వచ్చినవాడికి, మూడో పాటకు కాలు ఆడిస్తున్నానని పక్కవాళ్ళు నవ్వితే తెలిసింది.

తర్వాత ‘తడి అగ్గిపుల్లలు’. దాంట్లో గిటారు వాయిస్తూ పాడే పిల్ల పేరు పిచ్చుక. అక్కకు సొంత చెల్లెలు. ఏడాదిగా ఇద్దరికీ మాటల్లేవు. వేరే ఊరి బ్యాండులోకి పోతానని చెల్లెలు అనడం, పోతే మళ్ళీ నా గడప తొక్కకు అని అక్క అనడం, చెల్లెలు పోకపోవడం, అక్క మాట వెనక్కి తీసుకోకపోవడం. ఇద్దరూ ఇద్దరే. మాటల్లేకపోయినా ప్రతి ఆదివారం ఒకరు పాడితే ఇంకొకరు దాన్ని అందరికీ అందించేవారు. 

పిచ్చుకది చిన్న గొంతు. చిన్నదాన్ని పెద్దది చేసుకోవాలని చూడదు. వినాలంటే మనమే ముందుకు వంగాలి. హాలంతా వంగింది.

‘నీ గొడుగు నా దగ్గరే ఉండిపోయింది,
వాన లేని రోజుల్లో దీన్నేం చేసుకోను?’

ఒక గొడుగు గురించి ఇంత దిగులు పడొచ్చని నాకు అప్పటిదాకా తెలీదు. పాట అయ్యాక చప్పట్లు, ఈలలు. ఆ గోలలో అక్క ముందున్న చిన్న మైకుకు అరచెయ్యి అడ్డం పెట్టి ఏదో అంది. స్టేజీ మీద సామాన్లు సర్దేవాడి చెవిలో ఉండే గుండీలోకి పోయే మాట అది. నాకు వినపడలేదు. పిచ్చుక జనంతో ఏదో హాస్యమాడి, తీగలు సవరించుకుని, రెండో పాటకు మైకు దగ్గరికి వంగింది. వేళ్ళు తీగల మీద ఉన్నాయి. పెదవి మైకు జల్లెడకు తగిలింది.

అరవలేదు. కొయ్యబారిపోయింది. నాకంటే ముందు అక్క లేచింది. బల్ల మీంచి దూకి మెయిను మీట కిందికి లాగింది. హాలు చీకటైంది. చెల్లెలు పడిన చప్పుడు చీకట్లోనే వినపడింది. 

పిన్ని బ్యాటరీ దీపం తెచ్చి పెట్టింది. డ్రమ్ములు వాయించే కుర్రాడు పిచ్చుక గుండె మీద రెండు చేతులూ పెట్టి నొక్కాడు. అంబులెన్సు వచ్చేదాకా ఆపలేదు. లెక్క తప్పకుండా, లయ తప్పకుండా నొక్కాడు. ఆ లయ వల్లే ఊపిరి తిరిగొచ్చిందని అంబులెన్సు మనిషి అన్నాడు. తెలివి మాత్రం రాలేదు. పాట వినడానికొచ్చిన అక్కాచెల్లెళ్ళ అమ్మ వెంట వెళ్ళింది. అక్క అంబులెన్సు మెట్టు ఎక్కబోతుండగా వెనక నుంచి ఒక గొంతు వినపడింది.

“ఆవిణ్ణి ఆపండి.”

వచ్చింది ఇన్‌స్పెక్టర్. గొంతు ఆయనది కాదు, ఆయన్ని పిలుచుకొచ్చి పక్కన నిలబడ్డవాడిది. వాణ్ణి కోటు అంటారు. ఎంత ఎండలోనూ కోటు విప్పడు. రెండేళ్ళు నా దగ్గర పని నేర్చుకున్నాడు. తర్వాత ఎక్కువ దొరికే చోటికి పోయాడు. ఇప్పుడు ఇంటాయనకు గూఢచారి. నా దగ్గర నేర్చిన మర్యాద ఒకటి మిగుల్చుకున్నాడు, నన్ను గురువుగారూ అని వెటకారంగా పిలవడం.

“గురువుగారూ, మీరు కాపలా కూర్చున్న చోటే ఇదా?” అన్నాడు. “ఇన్‌స్పెక్టర్ గారూ, ఇది వినండి.”

ఫోను బల్లమీద పెట్టి నొక్కాడు. అక్క గొంతు. స్పష్టంగా ఉంది.

“పిల్లని లేపెయ్.” కొంచెం ఆగి, “చాలదు. ఇంకా లేపెయ్.”

ఆ తర్వాత కాసేపు చప్పట్లు, నవ్వులు, తర్వాత ఎవరిదో కేక, తర్వాత ఏమీ లేదు.

పిన్ని నోటికి చేతులడ్డం పెట్టుకుంది.

“ఏడాదిగా పగ” అన్నాడు కోటు. “ఇద్దరికీ మాటల్లేవు, అందరికీ తెలుసు. అక్కడున్న పొడుగు ఈవిడ చెప్పినట్టు చేశాడు. గిటారు పెట్టెను గీత కింద సాకెట్‌కి తగిలించాడు. లేపేశారు. నోటితో చెప్పిన మాట ఇది. ఇంకేం కావాలి?”

ఇన్‌స్పెక్టర్ మాటల మనిషి కాదు, నాలాంటివాడే. అక్క వంక చూశాడు. “ఆ మాట నీదేనా?”

“నాదే.”

“స్టేషనుకి రావాలమ్మా. ఆడ కానిస్టేబులు వస్తోంది.”

“నా చెల్లెలు ఆస్పత్రిలో ఉందండీ.”

“తర్వాత చూద్దాం.”

“తర్వాత అనేది ఉంటుందో లేదో తెలీదు కదండీ” అంది అక్క. ఏడవలేదు. చేతులు బల్ల అంచును పట్టుకుని ఉన్నాయి, అంతే.

నేను లేచాను. “కానిస్టేబులు వచ్చేదాకా అడగొచ్చా?”

“అడుగు” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

“అడగనివ్వండి, అడగనివ్వండి. పెద్దాయన సరదా ఎందుకు కాదనాలి?” అన్నాడు కోటు.

అక్క దగ్గరికి వెళ్ళాను.

“పిల్లంటే ఎవరు?”

ఆమె వేలు చూపించింది. స్టేజీ మీద గిటార్ల గొంతు పెంచే పెట్టెలు రెండున్నాయి. ఒకటి బీరువా అంత. దాని మీద సుద్దముక్కతో ‘తల్లి’ అని రాసుంది. రెండోది ముక్కాలిపీట అంత. దాని మీద ‘పిల్ల’.

“చెల్లి గిటారు ఆ పిల్లలోంచి వినపడుతుంది. మొదటి పాటలో సరిగ్గా రాలేదు. లేపమన్నా.”

“లేపమంటే?”

డ్రమ్ముల కుర్రాడు అందుకున్నాడు. “ఇక్కడ సౌండు పెంచడం, తగ్గించడం అనం తాతా. లేపు, పడుకోబెట్టు అంటాం. అక్క రోజుకి పదిసార్లు ‘డ్రమ్ముల్ని పడుకోబెట్టు’ అంటుంది. నేను ఒక్కసారీ పడుకోలేదు. కావాలంటే మా అమ్మనడుగు.”

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. 

“బాగా అల్లారు” అన్నాడు కోటు. “ఇప్పటికిప్పుడు సుద్దముక్కతో రాసుంటారు.”

ఇన్‌స్పెక్టర్ వెళ్ళి ‘పిల్ల’ అక్షరాల మీద వేలు రుద్దాడు. వేలికి అంటలేదు. ఎన్నాళ్ళ కిందటి సుద్దో, పెట్టె రంగులోకి ఇంకిపోయింది. ఆయన కోటు వైపు కాకుండా నా వైపు తిరిగి నిలబడ్డాడు. నాకది చాలు.

పొడుగు స్టేజీ అంచున మోకాళ్ళలో తల పెట్టుకుని కూర్చున్నాడు. రోజూ స్టేజీ చూసుకునే మనిషికి జ్వరమొస్తే, తన వాయిద్యం అయిపోయాక సాయం చేస్తానని గుండీ చెవిలో పెట్టుకున్నాడు. బ్యాండులో చేరి వారమైంది. ఈ హాల్లో అడుగుపెట్టడం అదే మొదలు.

“అక్క ఏమంది?”

“పిల్లని లేపెయ్ అంది తాతా.”

“లేపావా?”

“లేపా.”

“ఎలా?”

వాడు లేచి నిలబడ్డాడు. రెండు చేతులూ చాచి, కిందనున్న దాన్ని పొదివి పట్టుకున్నట్టు పట్టుకుని, ఛాతీ దాకా ఎత్తి చూపించాడు.

హాలు మొత్తం ఒక్కసారిగా ఊపిరి పీల్చుకుంది. అక్క కళ్ళు మూసుకుంది.

“మా ఊళ్ళో సౌండు పెంచు అనే అంటాం. అది నేల మీదుంది. గీత కింద ఏదీ పెట్టొద్దని అంత పెద్ద అక్షరాలతో రాసుంది. అందుకే పైకి లేపమంటోంది అనుకున్నా. ఒక చెక్కపెట్టె మీద పెట్టా. ‘చాలదు, ఇంకా లేపెయ్’ అంది. ఇంకో పెట్టె ఎక్కించా. అప్పుడు గీత దాటింది. కానీ వైరు అందక ఊడొచ్చింది. పిచ్చుక అవతల పాట మొదలెట్టబోతోంది. వెనక గోడకి సాకెట్ కనపడింది. గుచ్చేశా.” వాడు ఆ సాకెట్ వైపు చూపించాడు. “పెట్టెను గీత పైకి ఎక్కించాను గానీ వైరును గీత కింద గుచ్చాను తాతా. చూసుకోలేదు. నన్ను తీసుకుపొమ్మనండి, అక్కని వదిలెయ్యమనండి.”

“నువ్వు చూళ్ళేదా?” అని అక్కనడిగాను.

“మధ్యలో స్పీకరు అడ్డం. పిల్ల గొంతు పెరగలేదని మాత్రం తెలిసింది. అందుకే ఇంకా లేపమన్నా.”

పిన్ని ముందుకొచ్చింది. “కానీ ఆ సాకెట్ చచ్చి నాలుగేళ్ళయింది బాబాయ్. నా కళ్ళెదుట కోయించా. గుచ్చితే పెట్టె పలక్కూడదు. అంతకుమించి ఏమీ జరక్కూడదు.”

“చచ్చినదాన్ని బతికించింది ఎవరు?” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

“ఇంకెవరు?” అన్నాడు కోటు. “దాని పక్కన వారం వారం కూర్చునేది ఎవరు? వైర్ల పని వచ్చినది ఎవరికి?”

బయట జీపు ఆగిన చప్పుడైంది.

నేను మోకాళ్ళ మీద కూర్చుని సాకెట్ చూశాను. గీత కింద అలాంటివి ఆ గోడకు ఇంకా రెండున్నాయి. వాటి మరలు తుప్పు పట్టి ఎర్రగా పొరలు లేచాయి. దీని మరలకు కూడా తుప్పుంది. కానీ తుప్పు మధ్యలో వెండిగీతలా మెరుపు. నాలుగేళ్ళ తుప్పు మీద ఈమధ్యే తిప్పిన స్క్రూడ్రైవరు గీత.

విప్పించాను. అక్క వంగి చూసింది.

“కొత్త వైర్లు రెండు. నేల వైరు లేదు, ఎర్త్. దానికి ఉండాల్సిన మూడో కన్నాన్ని పక్కదానికి ముడేశారు. ఆ పక్కది కరెంటొచ్చే వైరు తాతా. దీన్లో ఏది గుచ్చినా దాని ఒళ్ళంతా కరెంటే. పిల్ల ఒళ్ళు, గిటారు తీగలు, అన్నీ.” ఆమె స్టేజీ మీది మైకు వైపు తిరిగింది. “పెదవి మైకుకి తగిలేదాకా చెల్లికి తెలీదు.”

“చూశారా, ఎంత బాగా వివరిస్తోందో!” అన్నాడు కోటు.

గుమ్మంలో ఆడ కానిస్టేబులు నిలబడింది. నేను కోటు వైపు తిరిగాను.

“ఆ మాట మళ్ళీ పెట్టు.”

“ఎన్నిసార్లు వింటారు గురువుగారూ?”

“పెట్టు.”

పెట్టాడు. ‘పిల్లని లేపెయ్. చాలదు. ఇంకా లేపెయ్.’

“నువ్వెక్కడ నిలబడి పట్టావు దీన్ని?”

“తలుపు దగ్గర. ఫోన్లో.”

“నేను ఆమెకు రెండు మూరల దూరంలో కూర్చున్నాను. నాకు వినపడలేదు.”

“మీకు చెవుడొచ్చింది. వయసు.”

“కావచ్చు” అన్నాను. “ఇన్‌స్పెక్టర్ గారి వయసు ఎంత?”

ఇన్‌స్పెక్టర్‌కు అర్థమైంది. తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. బ్యాండ్లవాళ్ళను చప్పట్లు కొట్టమన్నాను, ఈలలు వెయ్యమన్నాను. ఆ పిల్లల మనసులో ఎంత దిగులున్నా అడగ్గానే అక్క కోసం హాలు దద్దరిల్లేటట్టు కొట్టారు. అక్క చిన్న మైకుకు అరచెయ్యి అడ్డం పెట్టి ఏదో అంది.

“ఏమంది?” అన్నాను, గోల ఆగాక.

“పెదవులు కదలడం కూడా కనపడలేదు” అన్నాడు ఇన్‌స్పెక్టర్. 

“మళ్ళీ టేపు పెట్టండి. ఈసారి మాట వినొద్దు. మాట వెనక వినండి” అన్నాను.

విన్నాం. చప్పట్లు ఎక్కడో దూరంగా, పక్కవీధిలో వాన కురుస్తున్నట్టు. అక్క గొంతు మాత్రం దగ్గర. దానికంటే దగ్గరగా ఇంకొకటి. టిక్, టిక్, టిక్.

“అది నా గోరు” అంది అక్క. “ఖాళీగా ఉంటే బల్లను గోటితో కొడతా. అలవాటు.”

“విన్న చెవి బల్లకు అతుక్కునుంది” అన్నాను.

కోటు ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆడ కానిస్టేబులు తలుపుకు అడ్డంగా నిలబడింది. ఎవరూ చెప్పలేదు ఆమెకు. ఆ పిల్లకు మంచి భవిష్యత్తుంది.

బల్లకింద చెయ్యి పెట్టి తడిమాను. మూలన, చొక్కా గుండీ అంత వస్తువు. దాన్నుంచి సన్నటి ఎర్రవైరు వెనక గోడకు పోయింది. గోడమీద ఎటు పోయిందో కనపడలేదు. పిన్ని, అక్క, ఇన్‌స్పెక్టర్ ముగ్గురూ వెతికారు. నేనూ రెండుసార్లు చూశాను. మూడోసారి గోరుతో గీరాను.

వైరు వరదగీత మీదే ఉంది. ఎర్రగీత వెంట ఎర్రవైరు, గీతలో గీత. పైన పలచగా అదే రంగు పూసి ఉంది. ఎక్కడా ముడి లేదు, వంకర లేదు. వారం వారం వందమంది కళ్ళెదుట ఉంది, అందరూ చదివే అక్షరాల కిందే ఉంది. సాకెట్ దగ్గర కిందికి దిగి, దాన్లోంచి కరెంటు తాగి, గోడ అవతలికి పోయింది.

మెచ్చుకోక తప్పదు, మెచ్చుకున్నాను. “చాలా బాగా చేశావు” అన్నాను కోటుతో. “నేనైతే ఇంత బాగా చెయ్యలేను.”

పొగడ్త వాణ్ణి పడగొట్టింది. రెండేళ్ళు నా దగ్గరున్నప్పుడు నేను ఒక్కసారైనా బాగుందనలేదు. 

“మీరే కదా అనేవారు, దాచేది కళ్ళెదుటే దాచాలని” అన్నాడు. కళ్ళు ఒక్కసారి మెరిశాయి. ఏమన్నాడో అప్పుడు తెలిసొచ్చి నోరు మూసుకున్నాడు. మాట దాటిపోయింది.

“మూడో కన్నం ఎందుకు ముడేశావు?” అని అడిగాను.

బయట జనం ఇళ్ళకు పోలేదు. గొడుగు పాటను ఎవరో సన్నగా అందుకున్నారు, ఇంకొకరు కలిశారు. అది లోపలికి వినపడుతోంది.

“నా చెవికి రెండు వైర్లు చాలు” అన్నాడు చివరికి. “మూడోది ఖాళీగా వదిలేస్తే పని సగంలో వదిలినట్టుంటుంది. చూడ్డానికి బాగుండదని ముడేశా. గీత కింద ఎవరూ ఏదీ పెట్టరు కదా గురువుగారూ. గోడ మీదే రాసుంది.”

వాడు పిచ్చుకను చంపాలనుకోలేదు, అది నేను నమ్ముతాను. కానీ ఆ పిల్ల పడిపోయాక, తన చెవి విన్న మాటను తీసుకొచ్చి అక్క మెడకు చుట్టాడు. అది మాత్రం తెలిసి చేసింది.

గోడ అవతల ఇంటాయన సామాన్ల గది. తాళంచెవి కోటు జేబులోనే దొరికింది. ఇన్‌స్పెక్టర్ తలుపు తీశాడు. లోపల ఒక అర మీద రికార్డు చేసే పెట్టెలు వరసగా ఉన్నాయి. ఒక్కోదానికి ఒక్కో ఎర్రవైరు. ఆరు. హాలుది ఒకటి. మిగతావి పైకప్పులోకి పోయాయి.

“ఈ ఐదూ ఎక్కడివి?”

“పళ్ళ డాక్టరు గది. టైలరమ్మ గది. ట్యూషను గది. వకీలు గది” అన్నాడు కోటు. నా వంక చూశాడు. “ఇంకోటి మీది.”

“నాది ఎన్నాళ్ళుగా?”

“మూడు నెలలు. వినీ వినీ నా చెవులు పోయాయి గురువుగారూ. ఒక్క మాట లేదు. దగ్గు తప్ప.”

పిన్ని ఆ పరిస్థితిలోనూ పక్కున నవ్వింది. ఇన్‌స్పెక్టర్ నవ్వలేదు. వకీలు గది పెట్టె మీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోయాడు.

“ఏమైంది?” అన్నాను.

“పోయిన వారం ఆ వకీలు దగ్గరికి నేను వెళ్ళాను” అన్నాడు, నాకొక్కడికే వినపడేలా. “ఇంటాయన మీద కేసు గురించే మాట్లాడాను. ఎవరెవరు సాక్షులో పేర్లతో సహా.”

కోటుకు ఆయన పెదవుల కదలిక చాలు. అంత పని నేర్పాను నేను. “ఆ టేపు నిన్ననే ఆయనకి ఇచ్చేశా” అన్నాడు. “నన్ను పట్టుకున్నారు, సంతోషం. ఇక ఆ సాక్షుల్ని చూసుకోండి.”

ఇన్‌స్పెక్టర్ రెండు ఫోన్లు చేసి, కోటును తన మోటారు సైకిలు వెనక ఎక్కించుకుని పోయాడు. అక్కను తీసుకుపోవడానికి వచ్చిన జీపు అక్కనే తీసుకుపోయింది, కానీ స్టేషనుకు కాదు. ఆడ కానిస్టేబులే పక్కన కూర్చుని ఆస్పత్రికి దింపింది.

రాత్రి బాగా పొద్దుపోయాక పిన్నికి ఫోనొచ్చింది. అవతల వాళ్ళమ్మ. పిచ్చుక కళ్ళు తెరిచింది. పెదవి కాలింది, చేతి వేళ్ళు కాలాయి, మనిషి దక్కింది. తెరవగానే ఎదురుగా అక్కను చూసి, ఏడాది తర్వాత మొదటి మాట అందట.

“పిల్ల గొంతు సరిగ్గా రాలేదు కదక్కా?”

“నోరు మూసుకుని పడుకో” అందట అక్క. వాళ్ళమ్మ ఫోనులో అది చెబుతూ ఏడ్చింది. పొడుగు నేల మీద కూర్చుని పెద్దగా ఏడ్చాడు. డ్రమ్ముల కుర్రాడు వాడి తల నిమురుతూ, “ఏడుపు పడుకోబెట్టు అన్నా” అన్నాడు.

మర్నాడు పొద్దున్నే కిందికి దిగాను. ఇన్‌స్పెక్టర్ సాక్షులను రాత్రికి రాత్రే వేరే చోటికి చేర్చాడని కబురొచ్చింది. ఇంటాయన జాడ లేదు. ఆ వెతుకులాట నా మీద పడుతుందని తెలుసు. అది తర్వాతి పని.

హాల్లో రెండు బ్యాండ్లూ ఉన్నాయి. ఎవరూ పిలవకుండానే వచ్చారు. అక్క ఆస్పత్రి నుంచి తిన్నగా వచ్చి, ఉన్న సాకెట్లన్నీ విప్పి చూసి, మళ్ళీ బిగించింది. గీత కింద మూడు సాకెట్లూ పీకేసి సిమెంటు పెట్టించింది పిన్ని. స్టేజీ మధ్యలో అదే మైకు. పక్కన పిచ్చుక గిటారు, పిల్లకు తగిలించి ఉంది. పిల్ల నేల మీద తన చోట్లో తను ఉంది.

“ఏమీ లేదు, అంతా చూశా” అంది అక్క. “ఎవరైనా వచ్చి ఒక మాట అనండి.”

ఎవరూ కదల్లేదు. నిన్న అంత ధైర్యంగా వాయించిన పిల్లలు, ఆ మైకును పామును చూసినట్టు చూస్తున్నారు. పొడుగు ఒకడుగు వేసి ఆగిపోయాడు. వాళ్ళ తప్పు కాదు. ఇవాళ ఎవరూ దాని దగ్గరికి పోకపోతే, వచ్చే ఆదివారం కూడా పోరు. ఆ తర్వాత హాలును ఇంటాయన మూయించక్కర్లేదు.

నేను స్టేజీ ఎక్కాను. గిటారు మెడను ఎడమచేత్తో పట్టుకున్నాను, తీగలు అరచేతికి గట్టిగా ఆనేలా. మైకు దగ్గరికి వంగి పెదవులు జల్లెడకు ఆనించాను. చల్లగా, ఇనుము రుచిగా ఉంది. అంతే. ఇంకేమీ లేదు.

“ఏదైనా అను తాతా” అంది అక్క, బల్ల దగ్గర్నుంచి.

ఏమనాలో తోచలేదు. తోచింది అన్నాను.

“నీ గొడుగు నా దగ్గరే ఉండిపోయింది.”

“వినపడలేదు” అన్నాడు వెనక నుంచి ఎవడో. 

“లేపనా అక్కా?” అన్నాడు పొడుగు. అన్నాక నాలుక కరుచుకున్నాడు. హాలంతా నవ్వింది.

“నువ్వు కదలకు. నేను లేపుతా” అని, అక్క ఒక మీట మీద వేలు ఆనించింది. నేను మళ్ళీ మొదట్నుంచి అన్నాను.